గీజరు మార్చినా ఆర్‌సీసీబీ పడిపోతూనే ఉంది: హనుమకొండ

గోపాల్‌పూర్_ఇల్లు:
అందరికీ నమస్కారం. మాది హనుమకొండలో గోపాల్‌పూర్ వైపు రెండంతస్తుల ఇల్లు. కింద మేముంటాము, పైన అద్దెకిచ్చాము, మీటర్లు వేరు. మా మెయిన్ బోర్డులో 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకు కారితే లైను తెంచే స్విచ్చు) ఒకటి, దాని కింద ఎమ్‌సీబీలు (లోడు ఎక్కువైతే పడే స్విచ్చులు) వరుసగా ఉన్నాయి. వానలు మొదలైనప్పటి నుంచి ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోంది. గీజరు వేసిన వెంటనే పడడం ఎక్కువగా కనిపించింది కాబట్టి ఎలక్ట్రీషియన్ ఎలిమెంటు పోయిందన్నారు. ఎలిమెంటు మార్పించాము, ఆ తరువాత గీజరునే మార్చాము. ఇప్పుడు కొత్త గీజరుకూ పడుతోంది, ఇస్త్రీపెట్టెకూ పడుతోంది, కొన్నిసార్లు సాయంత్రం పూట ఎవరూ ఏ స్విచ్చూ ముట్టకుండానే పడుతోంది. వరుసగా ఎండ కాస్తే మాత్రం బాగానే ఉంటుంది. ఎమ్‌సీబీ ఒక్కటీ పడదు. ఎలక్ట్రీషియన్ ఇప్పుడు 100 మిల్లీ ఆంపియర్లది వేద్దామని, అదీ నిలవకపోతే తీసేసి నేరుగా కలిపేద్దామని అంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, నాకు ధైర్యం చాలడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మంచిర్యాల_ఎండ:
లోడు ఎక్కువై ఉంటుందండి. గీజరు, ఇస్త్రీపెట్టె రెండూ ఎక్కువ కరెంటు లాగేవే. శాంక్షన్ లోడు పెంచుకోవడానికి దరఖాస్తు పెట్టి, 40 బదులు 63 ఆంపియర్లది వేయించండి.

కాజీపేట_వైరింగ్:
మంచిర్యాల గారూ, పడుతున్నది ఎమ్‌సీబీ అయితే మీరన్నది ఆలోచించవలసిన మాటే. ఎమ్‌సీబీ లోపలి లోహపు పట్టీ 30 డిగ్రీల చుట్టుపక్కల వేడికి సరిచేసి ఉంటుంది కాబట్టి, మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలో పడమటి గోడకు బిగించిన డబ్బాలో అది రాసిన ఆంపియర్ల కన్నా ముందే పడడం నేను చాలా ఇళ్ళల్లో చూశాను. కానీ ఇక్కడ పడుతున్నది ఆర్‌సీసీబీ. దానికి లోడుతో పని లేదు. దాని మీద రాసిన 40 ఆంపియర్లు అది మోయగలిగిన కరెంటే కాని, పడిపోవలసిన హద్దు కాదు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా మధ్యలో ఎక్కడో నేలకు కారిపోతే తప్ప అది పడదు. 63 వేసినా 30 మిల్లీ ఆంపియర్లు 30గానే ఉంటాయి.

గోపాల్‌పూర్ గారూ, మూడు సంగతులు చెప్పండి. ఎమ్‌సీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఒక్కటే పైకి పెడితే నిలబడుతోందా? ఇన్వర్టరు ఉందా? ఇంటి బయటికి, అంటే గేటుకు, సంపు మోటారుకు, మెట్లకు, తోటలోకి వెళ్ళే లైన్లు ఏమేమి ఉన్నాయి?

నర్సంపేట_బోరు:
మా ఇంట్లోనూ ఇదే గొడవ. బోరు మోటారు వేస్తే చాలు పడేది. విసిగిపోయి తీయించేశాను, అప్పటి నుంచి హాయిగా ఉంది. ఎర్త్ బాగుంటే ఏమీ కాదని మా ఎలక్ట్రీషియన్ చెప్పారు.

ఫిజిక్స్_సారు:
నర్సంపేట గారూ, మీ మాటను కాదనక తప్పడం లేదు, ఎందుకంటే ఇది చదివి ఇంకొకరు కూడా తీయించేస్తారు. మనిషి ఒంటి గుండా సుమారు 10 మిల్లీ ఆంపియర్లు పోయేసరికే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదలలేని స్థితి వస్తుంది. 30 దాటితే ఊపిరి అందడం కష్టమవుతుంది, ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం ఆ కరెంటు దగ్గర 0.3 సెకనులోపు, 150 మిల్లీ ఆంపియర్ల దగ్గర 0.04 సెకనులోపు పడాలని ప్రమాణం. 100 మిల్లీ ఆంపియర్లది లీకేజీ వల్ల మంటలు రాకుండా కొంత కాపాడుతుంది కాని, తడి చేత్తో తీగ ముట్టిన పిల్లవాడిని కాపాడుతుందని నమ్మలేము. ఇళ్ళకు 30 దాటకూడదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనే ఉంది.

ఎర్త్ సంగతి కూడా చూడండి. ఎర్త్ గుంత నిరోధం 5 ఓంలు ఉందనుకుందాం, అది మంచి ఎర్తే. మోటారు బాడీకి ఫేజు తగిలితే 230ని 5తో భాగించగా 46 ఆంపియర్లు. అంత కరెంటుకు 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ వెంటనే పడదు, వేడెక్కి పడడానికి సమయం తీసుకుంటుంది. ఆ సమయమంతా బాడీ మీద కరెంటు ఉంటుంది. ఎర్త్ గుంత ఉన్నా ఆర్‌సీసీబీ ఎందుకు కావాలో ఇందులోనే తెలుస్తుంది.

కాజీపేట_వైరింగ్:
నర్సంపేట గారూ, సబ్‌మెర్సిబుల్ మోటారుకు పడుతోందంటే నూటికి ఎక్కువ వంతు బోరులో కేబులు అతుకు దగ్గర నీళ్ళు పట్టి ఉంటాయి, లేదా వైండింగులోకి నీరు దిగి ఉంటుంది. మోటారు ఎత్తించే రోజు కోసం ఆగకుండా, స్టార్టర్ డబ్బా దగ్గర తీగలు విప్పి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి తీగల్లో లీకేజీ ఉందేమో చూసే మీటరు) పెట్టించండి. మోటారు ఆ లీకేజీతోనే నడుస్తూ ఉంటే పైపు, షట్టరు, పక్కన ఆరేసిన బట్టల తీగ అన్నీ ప్రమాదమే.

నర్సంపేట_బోరు:
సరేనండి, మెగ్గర్ పెట్టించి చూస్తాను.

గోపాల్‌పూర్_ఇల్లు:
కాజీపేట గారు అడిగినవి చూశాను. ఎమ్‌సీబీలన్నీ దించి ఆర్‌సీసీబీని పైకి పెడితే నిలబడింది, కానీ సాయంత్రం అలాగే ఉంచితే కాసేపటికి పడిపోయింది. ఇదే నాకు అర్థం కావడం లేదు. అన్నీ ఆపేశాక కరెంటు పోయే దారి ఎక్కడుంది? ఇన్వర్టరు ఉంది. బయటికి సంపు మోటారు, పోర్టికో లైటు, గేటు స్తంభాల మీది రెండు లైట్ల లైన్లు ఉన్నాయి. గేటు లైట్లు మేము అసలు వేయము, వీధి దీపం వెలుగే చాలుతుంది.

గోదావరిఖని_షిఫ్ట్:
ఎవరూ ముట్టకుండా పడుతోందంటే ఫ్రిజ్‌ను అనుమానించండి. మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లలో లోపల ఒక చిన్న హీటరు ఉంటుంది. కంప్రెసరు కొన్ని గంటలు నడిచాక అది దానంతట అదే వెలిగి మంచు కరిగిస్తుంది. ఆ హీటరులోకి తడి చేరితే అది వెలిగినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడుతుంది, వేళాపాళా ఉండదు. నైట్ షిఫ్టు నుంచి వచ్చేసరికి ఇల్లంతా చీకటి, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోవడం, ఇదే మా ఇంట్లో జరిగింది. ఫ్రిజ్ ప్లగ్గు తీసి రెండు రోజులు చూడండి.

కాజీపేట_వైరింగ్:
ఫ్రిజ్ మాట నిజమే, చూడవలసిందే. కానీ ఎమ్‌సీబీలన్నీ దించాక కూడా పడిందని చెప్పారు చూడండి, అసలు ఆనవాలు అదే.

మన ఇళ్ళలో వాడే ఎమ్‌సీబీలు చాలావరకు ఒక పోలువి. అవి ఫేజును మాత్రమే తెంచుతాయి. గోడల్లో పరుచుకున్న న్యూట్రల్ తీగలన్నీ బోర్డులోని న్యూట్రల్ లింకు దగ్గర కలిసి ఆర్‌సీసీబీకి అతుక్కునే ఉంటాయి. ఇంట్లో ఎక్కడైనా న్యూట్రల్ తీగ ఎర్త్ తీగకో, ఎర్త్ చేసిన ఇనుప డబ్బాకో, తడి గోడకో తగిలి ఉంటే, ఎమ్‌సీబీ దించినా ఆ తగులుడు అలాగే ఉంటుంది. స్విచ్ ఆపినా అంతే. అన్నీ ఆపినా పడుతోందంటే ఆర్‌సీసీబీయే పాడై ఉండాలి, లేదా న్యూట్రల్ ఎర్త్‌కు తగిలి ఉండాలి. ఎండ రోజుల్లో నిలబడుతోంది కాబట్టి నేను రెండోదే అంటాను.

గోపాల్‌పూర్_ఇల్లు:
ఫ్రిజ్ ప్లగ్గు తీసి చూశాను, అయినా పడింది. కాజీపేట గారు చెప్పింది తర్కంగానే ఉంది కాని నాదొక సందేహం. న్యూట్రల్‌లో కరెంటు ఉండదు కదా, టెస్టరు పెడితే వెలగదు. అది ఎర్త్‌కు తగిలితే మాత్రం ఏమి కారుతుంది? పైగా గీజరు వేసినప్పుడే ఎందుకు పడాలి?

ఫిజిక్స్_సారు:
మంచి ప్రశ్న. ఆర్‌సీసీబీ లోపల ఒక ఉంగరం లాంటి ఇనుప కోరు ఉంటుంది, ఫేజు, న్యూట్రల్ రెండూ దాని మధ్య నుంచి పోతాయి. వెళ్ళే కరెంటు, వచ్చే కరెంటు సమానంగా ఉన్నంతసేపు వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తేడా వస్తే కోరు మీద చుట్టిన మూడో తీగలో కరెంటు పుట్టి మీట పడుతుంది. 30 అని రాసి ఉన్నది 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడవచ్చు, చాలా కంపెనీలవి ఇరవై పైచిలుకుకే పడతాయి.

ఇప్పుడు మీ గీజరు సంగతి. రెండు కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ కరెంటు న్యూట్రల్ తీగ వెంట స్తంభం దాకా, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మరు దాకా వెనక్కు పోవాలి. ఆ దారి నిరోధం 0.3 ఓం అనుకుంటే, మీ ఇంటి దగ్గర న్యూట్రల్‌కూ నేలకూ మధ్య 2.6 వోల్టులు తేలుతాయి. టెస్టరు వెలగడానికి అది చాలదు కాబట్టి న్యూట్రల్‌లో ఏమీ లేదనుకుంటాము. కానీ ఎక్కడో న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు 100 ఓంల తగులుడు ఉందంటే, ఆ 2.6 వోల్టులకే 26 మిల్లీ ఆంపియర్లు న్యూట్రల్ దారి వదిలి నేలలోకి దిగుతాయి. ఆర్‌సీసీబీ పడుతుంది. గీజరులో ఏ లోపమూ లేదు, అది న్యూట్రల్ వోల్టేజీని పెంచిందంతే. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే అయితే 13 దగ్గర ఆగుతుంది, తోడుగా ఇంకేదైనా నడుస్తుంటే హద్దు దాటుతుంది. అందుకే అది ఒకసారి పడి ఒకసారి పడదు.

ఎవరూ ముట్టకుండా సాయంత్రం పడడానికి కూడా ఇదే కారణం కావచ్చు. అదే లైను మీద పక్కిళ్ళ వాళ్ళు ఏసీలు, మోటార్లు వేస్తే ఆ కరెంటు కూడా అదే న్యూట్రల్‌లో పోతుంది, దాని వోల్టేజీ పెరుగుతుంది. మీ ఎమ్‌సీబీలన్నీ దించి ఉన్నా మీ న్యూట్రల్ ఆ వోల్టేజీని చూస్తూనే ఉంటుంది. 100 ఓంలు, 0.3 ఓం అన్నవి లెక్క కోసం నేను తీసుకున్న అంకెలు, మీ ఇంటివి వేరుగా ఉంటాయి.

గోదావరిఖని_షిఫ్ట్:
ఇది చదివాక మా ఇంట్లో ఫ్రిజ్ హీటరు మార్చినా అప్పుడప్పుడు ఎందుకు పడేదో కొంత అర్థమవుతోంది.

కాజీపేట_వైరింగ్:
ఇక పట్టుకునే పద్ధతి చెబుతాను. ఇది తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని చేయించవలసిన పని, మీరు ఒక్కరే బోర్డు విప్పవద్దు. ఆర్‌సీసీబీ రెండు పోళ్ళది కాబట్టి దాన్ని దించితే ఫేజూ న్యూట్రల్ రెండూ తెగుతాయి, అయితే మీటరు నుంచి వచ్చే పై తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది. వీలుంటే మీటరు దగ్గరి మెయిన్ స్విచ్చునే దించండి. ఆ తరువాత ఇంట్లోని ప్లగ్గులన్నీ ఊడదీయాలి, ఎందుకంటే కంప్యూటరు, టీవీ, వాషింగ్ మెషీన్ లాంటి వాటిలోని ఫిల్టర్ల వల్ల కొలతలు తప్పుగా వస్తాయి, మెగ్గర్ 500 వోల్టులకు అవి పాడైనా పాడవుతాయి. అప్పుడు న్యూట్రల్ లింకుకూ ఎర్త్ లింకుకూ మధ్య మల్టీమీటరు పెట్టి ఓంలు చూడండి. అన్నీ బాగుంటే దారి లేనట్టే చూపాలి. వందల్లోనో వేలల్లోనో చూపితే, న్యూట్రల్ లింకు నుంచి తీగలను ఒక్కొక్కటిగా విప్పుతూ పోవాలి. ఏ తీగ విప్పగానే రీడింగు ఒక్కసారిగా మెగా ఓంలకు పోతుందో దొంగ ఆ లైనులో ఉన్నాడు. విప్పిన ప్రతి తీగకూ కాగితం చుట్టి ఏ ఎమ్‌సీబీదో రాసుకోండి. తిరిగి కలిపేటప్పుడు తారుమారైతే ఇప్పుడున్న బాధ రెండింతలవుతుంది.

కరీంనగర్_బ్యాటరీ:
ఒక్క మాట చేర్చనివ్వండి, చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా దీన్ని మరుస్తారు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ దించగానే ఇన్వర్టరు తనంతట తాను అందుకుంటుంది. లైట్లు, ఫ్యాన్ల లైన్లలో ఫేజు బతికే ఉంటుంది, న్యూట్రల్ లింకు మీద చేయి పెట్టడం ప్రాణానికే ముప్పు. ఇన్వర్టరు ముందు స్విచ్చు ఆపి, దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్ ప్లగ్గులు రెండూ తీశాకే బోర్డు విప్పాలి.

ఇన్వర్టరు ఇన్‌పుట్‌ను ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకుని, లైట్ల న్యూట్రల్‌ను మాత్రం ఆర్‌సీసీబీ తరువాతి లింకులోనే వదిలేసే వైరింగు కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. అప్పుడు ఫేజు కరెంటు కోరులోంచి పోకుండా న్యూట్రల్ కరెంటు మాత్రమే పోతుంది, ఒక్క ట్యూబులైటు వేసినా పడుతుంది. గోపాల్‌పూర్ గారిది ఎండ రోజుల్లో నిలబడుతోంది కాబట్టి ఇది కాదనుకుంటాను, కానీ బోర్డు విప్పినప్పుడు ఒకసారి చూసుకోవడం మంచిది.

గోపాల్‌పూర్_ఇల్లు:
అందరికీ కృతజ్ఞతలు. వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి కాజీపేట గారు చెప్పినట్టే చేయించాను. దొరికింది.

ఇన్వర్టరు విడదీసి, ప్లగ్గులన్నీ తీసి, న్యూట్రల్, ఎర్త్ లింకుల మధ్య మల్టీమీటరు పెడితే నూరు ఓంల దరిదాపుల్లో చూపింది. గీజరు న్యూట్రల్ విప్పితే ఏమీ మారలేదు. సంపు మోటారుది విప్పినా మారలేదు. ముందు గది లైట్ల న్యూట్రల్ విప్పగానే రీడింగు ఎగిరిపోయింది. ఆ లైనులోనే పోర్టికో, గేటు లైట్లు ఉన్నాయి. పోర్టికో డబ్బాలో గేటు వైపు వెళ్ళే తీగలను విడదీసి, రెండు వైపులా మెగ్గర్ పెడితే ఇంటి వైపు బాగుంది, గేటు వైపు సున్నా దగ్గరే ఉంది.

ఎడమ స్తంభంలో లైటు కింద ఒక ఇనుప డబ్బా పొదిగి ఉంది. మూత మరలు తుప్పు పట్టి తిరగలేదు, ఉలితో లేపవలసి వచ్చింది. లోపల అడుగున నీళ్ళు, చీమలు పెట్టిన మట్టి. రెండో స్తంభానికి వెళ్ళే న్యూట్రల్‌ను అక్కడే మెలిపెట్టి టేపు చుట్టారు. ఆ టేపు జిగురు నల్లగా కరిగి జారిపోయింది, రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి డబ్బా అడుగు తుప్పుకు ఆనుకుని ఉన్నాయి. ఆకుపచ్చ ఎర్త్ తీగ అదే డబ్బాకు మరతో బిగించి ఉంది. పోర్టికో నుంచి బండల కిందుగా వచ్చిన పైపు లోంచి కూడా నీళ్ళు కారాయి. 2023 జూలై వానలకు మా వీధిలో నీళ్ళు నిలిచినప్పుడు గేటు దగ్గర మోకాలి దాకా వచ్చాయి, ఆ పైపు అప్పుడే నిండి ఉంటుందని ఎలక్ట్రీషియన్ అన్నారు.

మేము ఏనాడూ వేయని లైటు ఇల్లంతటినీ ఆపేస్తోందంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మడం లేదు. తీసి పక్కన పెట్టిన పాత ఎలిమెంటుకు కూడా మెగ్గర్ పెట్టించాను, నిక్షేపంగా ఉంది. గేటు లైను విడదీసి ఉంచాము. గీజరు, ఇస్త్రీపెట్టె, మోటారు కలిపి వేసినా, వానలో కూడా పడలేదు. ఇప్పుడు గేటు లైన్లు మళ్ళీ వేయాలంటే ఎలా వేయాలి?

కాజీపేట_వైరింగ్:
ఆ పైపులో పాత తీగలను మళ్ళీ వాడవద్దు. ఎర్త్‌తో కలిపి మూడు కోర్ల కేబులును పోర్టికో నుంచి స్తంభం దాకా మధ్యలో అతుకు లేకుండా లాగండి. స్తంభంలో ఇనుప డబ్బా బదులు రబ్బరు సీలు ఉన్న ఐపీ 65 (దుమ్ము, వాన నీరు చొరని రకం) ప్లాస్టిక్ డబ్బా పెట్టి, కేబులు కింది నుంచి గ్లాండ్ (కేబులు చుట్టూ బిగుసుకునే బిరడా) ద్వారా లోపలికి వచ్చేలా చూడండి. పై నుంచి తెస్తే వాన నీరు కేబులు వెంటే లోపలికి దిగుతుంది. అతుకులకు టేపు కాదు, మరల కనెక్టరు వాడండి. డబ్బాను నేల నుంచి బాగా ఎత్తులో పెట్టండి, మీ వీధికి నీళ్ళు వచ్చిన చరిత్ర ఉంది కదా.

బయటి లైన్లన్నింటినీ ముందు గది లైట్ల నుంచి విడదీసి, వాటికి ప్రత్యేకంగా రెండు పోళ్ళ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ ఒకటి పెట్టించండి. అది ఆర్‌సీసీబీ, ఎమ్‌సీబీ రెండు పనులూ చేస్తుంది, దించితే న్యూట్రల్‌ను కూడా తెంచుతుంది. అయితే దాన్ని ఇప్పుడున్న ఆర్‌సీసీబీ కింద పెడితే లాభం లేదు, రెండూ 30వే కాబట్టి ఏది ముందు పడుతుందో చెప్పలేము. ఆర్‌సీసీబీకి ముందున్న మెయిన్ నుంచే దానికి ఫేజు, న్యూట్రల్ ఇప్పించి, దాని న్యూట్రల్‌ను పాత లింకులో కలపకుండా విడిగా ఉంచాలి. అప్పుడు గేటు దగ్గర తడిసినా ఇంట్లో ఫ్రిజ్ ఆగదు.

గోపాల్‌పూర్_ఇల్లు:
అలాగే చేయిస్తాను. చివరిగా ఒకటి అడగాలి. బోర్డు విప్పినప్పుడు మెట్ల లైటు ఫేజు పై అంతస్తు మీటరు నుంచి, న్యూట్రల్ మాత్రం మా లింకు నుంచి వస్తోందని బయటపడింది. ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు కాబట్టి వదిలేయవచ్చా?

ఫిజిక్స్_సారు:
వదిలేయవద్దు. పైన ఆర్‌సీసీబీ ఉందా?

గోపాల్‌పూర్_ఇల్లు:
పైన లేదు. మెట్ల దగ్గర 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక్కటే ఉంది.

ఫిజిక్స్_సారు:
పైన లేదు కాబట్టి అక్కడ బయటపడదు, కానీ మీ దగ్గర బయటపడి ఉండాలి. ఆ బల్బు ఫేజు కరెంటు మీ కోరులోంచి పోదు, న్యూట్రల్ కరెంటు మాత్రం పోతుంది. 9 వాట్ల బల్బు సుమారు 40 నుంచి 80 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, అదంతా మీ ఆర్‌సీసీబీకి లీకేజీలాగే కనిపించాలి. మీ ఆర్‌సీసీబీ దానికి పడడం లేదంటే ముందు టెస్ట్ బటన్ నొక్కి చూడండి, ఆ తరువాత మెట్ల లైటు నిజంగా వెలుగుతోందో లేదో చూడండి.

గోపాల్‌పూర్_ఇల్లు:
టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడింది. మెట్ల లైటు చూశాను సారూ, బల్బు మాడిపోయి ఉంది. పైవాళ్ళను అడిగితే తాము వచ్చినప్పటి నుంచీ అది వెలగలేదన్నారు.

కాజీపేట_వైరింగ్:
కొత్త బల్బు పెట్టిన రోజే మళ్ళీ ఇక్కడికి వచ్చేవారు. మెట్ల లైటు న్యూట్రల్‌ను మీ లింకు నుంచి తీసి పై మీటరు న్యూట్రల్‌కే కలిపించండి, దానితోపాటు పైవారికి కూడా ఒక ఆర్‌సీసీబీ పెట్టించండి. అది అయ్యేదాకా బల్బు పెట్టవద్దు.